నిర్ణయం ఎక్కడ జరుగుతోంది? కళాశాలలో రాజనీతి శాస్త్రం, పౌర భాగస్వామ్యం బోధించేవారికి ఒక మార్గదర్శి

పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, పౌర భాగస్వామ్యం పేరుతో ముప్పై మంది విద్యార్థులను ఒక పార్కు శుభ్రం చేయడానికి తీసుకువెళ్లాను. ఉదయమంతా చెత్త ఎత్తారు, ఫొటోలు దిగారు, నివేదికలు రాశారు. అందరికీ ధారాళంగా మార్కులు వేశాను. మూడు వారాలు తిరగకుండానే పార్కు మళ్లీ ఎప్పటిలా తయారైంది. అప్పుడు ఆ నివేదికలు మరోసారి తిరగేశాను. అక్కడ చెత్త ఎత్తించే బాధ్యత ఎవరిది, దానికి డబ్బు ఏ పద్దు నుంచి రావాలి, అది ఎక్కడ ఆగిపోయింది అన్న ప్రశ్న ఒక్కదానిలోనూ కనబడలేదు. పిల్లల తప్పు లేదు. అడగమని నేను చెప్పలేదు.

అప్పటి నుంచి నా కోర్సు మొత్తాన్ని ఒకే ప్రశ్నకు కట్టేశాను: ఈ నిర్ణయం ఎవరు తీసుకుంటారు, ఏ నియమం ప్రకారం, ఎప్పటిలోగా? తరగతి గదిలో చెప్పే సిద్ధాంతానికీ, బయట చేయించే పనికీ మధ్య వంతెన ఈ ప్రశ్నే. కింద చెప్పే క్రమం పద్నాలుగు వారాల సెమిస్టరుకు సరిపోతుంది. మీకు అంత వ్యవధి లేకపోతే నాలుగో మెట్టును కుదించండి, ఏడో మెట్టును మాత్రం కుదించకండి.

1. లక్ష్యాన్ని పనిగా రాసుకోండి

"ప్రజాస్వామ్య విలువల పట్ల అవగాహన కలిగించడం" లాంటి వాక్యంతో సిలబస్ పేజీ నిండుతుంది గానీ, అవగాహన కలిగిందో లేదో తేల్చుకునే దారి ఉండదు. విద్యార్థి చివరికి ఏం చేయగలగాలో రాయండి. ఒక సమస్యను ముందు పెడితే దానిపై నిర్ణయాధికారం ఉన్న సంస్థను గుర్తించగలగాలి. ఒకే ఓట్లు రెండు పద్ధతుల్లో రెండు ఫలితాలు ఎందుకిస్తాయో లెక్క వేసి చూపగలగాలి. తనకు నచ్చని వాదనను, ఆ వాదన చేసేవాళ్లు "అవును, మేం అనేది ఇదే" అనేలా చెప్పగలగాలి. ఒక అధికారికి ఒక పేజీ అర్జీ రాయగలగాలి. ఈ నాలుగూ చాలు. ఒక ఏడాది పదకొండు లక్ష్యాలు రాసుకున్నాను. సెమిస్టరు ముగిసేసరికి అవి నాకే గుర్తు లేవు.

దీనికోసం కొన్ని పాఠాలు వదులుకోవాలి. ప్లేటోతో మొదలుపెట్టి ఒక్కొక్కరి జీవిత చరిత్రా చెప్పుకుంటూ పోతే, మార్క్స్ దగ్గరికి చేరేసరికి పరీక్షలు వచ్చిపడతాయి. ఆలోచనాపరులను కాలక్రమంలో కాకుండా అవసరాన్ని బట్టి పిలవండి. జట్టులో ఒకరు పని ఎగ్గొట్టి మార్కులు పంచుకున్న రోజున అర్థశాస్త్రవేత్త మాన్సర్ ఓల్సన్‌ను తీసుకురండి. అందరికీ లాభమిచ్చే పనికి ఏ ఒక్కరూ ముందుకు రాకపోవడానికి గల కారణాన్ని ఆయన 1965లోనే విడమరిచారు. ఆ రోజు ఆ పాఠం ఎవరూ మరచిపోరు.

2. మొదటి రోజే ఓటు వేయించండి

నిర్వచనాలతో మొదలుపెట్టకండి. ఈ సెమిస్టరు మూల్యాంకనం ఎలా ఉండాలో తరగతినే తేల్చమనండి. రాతపరీక్ష, ప్రాజెక్టు, సెమినార్ అని మూడు దారులు ఇచ్చి, ప్రతి ఒక్కరినీ తమ ఇష్టాన్ని వరుస క్రమంలో చీటీ మీద రాయమనండి. చీటీలు పోగు చేశాక ఓట్లు లెక్కపెట్టే ముందు నల్లబల్ల మీద మరో ఉదాహరణ రాయండి.

ముప్పై మంది ఉన్నారనుకుందాం. పన్నెండు మంది వరుస: రాతపరీక్ష, సెమినార్, ప్రాజెక్టు. పది మందిది: ప్రాజెక్టు, సెమినార్, రాతపరీక్ష. మిగిలిన ఎనిమిది మందిది: సెమినార్, ప్రాజెక్టు, రాతపరీక్ష. మొదటి ఇష్టాలను మాత్రమే లెక్కపెడితే పన్నెండు ఓట్లతో రాతపరీక్ష గెలుస్తుంది. చివరి స్థానంలో ఉన్నదాన్ని తీసేసి మొదటి రెండింటి మధ్య రెండో విడత పెడితే, 18–12 తేడాతో ప్రాజెక్టు గెలుస్తుంది. మొదటి ఇష్టానికి రెండు, రెండో ఇష్టానికి ఒక పాయింటు చొప్పున వేస్తే రాతపరీక్షకు 24, ప్రాజెక్టుకు 28, సెమినార్‌కు 38 వస్తాయి. జంటలుగా పోటీ పెట్టినా సెమినార్ మిగతా రెండింటినీ ఓడిస్తుంది. ఓటర్లు మారలేదు, వాళ్ల అభిప్రాయాలు మారలేదు. లెక్కించే పద్ధతి మారేసరికి విజేత మారిపోయాడు.

ఇక్కడ కాసేపు ఆగండి. గదిలో కలకలం మొదలవుతుంది, దాన్ని అణచకండి. ఫ్రెంచి తత్వవేత్త కాండోర్సే 1785లో ఈ చిక్కు గురించి రాశాడనీ, మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు సమంజసమైన కొన్ని షరతులన్నిటినీ ఒకేసారి తీర్చే వరుస క్రమ పద్ధతి ఏదీ ఉండదని అర్థశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో 1951లో నిరూపించాడనీ ఆ తర్వాత చెప్పండి. చివరగా అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది: "మీ చీటీలను ఏ పద్ధతిలో లెక్కపెట్టాలో ఎవరు తేలుస్తారు? ఈ మూడు దారులే ఎందుకున్నాయి, నాలుగోది ఎందుకు లేదు?" ఆ రెండూ తేల్చింది మీరే. అధికారం అంటే ఏమిటో నిర్వచనం అక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. ఫలితం ఏదొచ్చినా అమలు చేయగలిగితేనే ఈ ఓటింగు పెట్టండి. విశ్వవిద్యాలయం నిబంధనలు ఒప్పుకోకపోతే గడువు దాటిన అసైన్‌మెంట్లకు జరిమానా ఎంత అనే చిన్న విషయం మీద పెట్టండి. ఓటు వేయించుకుని పక్కన పడేస్తే, మీరు నేర్పేది దానికి సరిగ్గా వ్యతిరేకమైన పాఠం.

3. ఒక్క మాటను విడగొట్టండి

మన వాడుకలో "ప్రభుత్వం" అనే మాట అన్నిటికీ పనికొస్తుంది. నీళ్లు రాకపోయినా ప్రభుత్వమే, కోర్టు తీర్పు ఇచ్చినా ప్రభుత్వమే, ఎన్నికల తేదీ ప్రకటించినా ప్రభుత్వమే. "అధికారం" కూడా అంతే. బలంతో పని చేయించుకోగలగడమూ, చట్టం ఇచ్చిన హక్కుతో చేయించడమూ రెండూ ఆ మాటలోనే ఇమిడిపోతాయి. ఈ కలగాపులగం విడిపోతే సగం పాఠం అయినట్టే.

ఆ రోజు దినపత్రిక తెప్పించండి. "ప్రభుత్వం" అన్న మాట కనిపించిన ప్రతిచోటా గీత గీసి, దాని పైన అసలు కర్త ఎవరో రాయమనండి: మంత్రివర్గమా, ఒక శాఖా, స్థానిక సంస్థా, న్యాయస్థానమా, స్వతంత్ర కమిషనా? మొదటిసారి సగానికి సగం తప్పులొస్తాయి. మూడోసారికి విద్యార్థులే విలేఖరుల తప్పులు పట్టడం మొదలుపెడతారు. నలభై నిమిషాలు, ఒక పత్రిక, ఒక పెన్సిలు. ఇంతకంటే చవకైన, ఇంతకంటే ఫలితమిచ్చే అభ్యాసం నాకు ఇంతవరకు దొరకలేదు.

4. నిజమైన అంకెలతో లెక్కలు చేయించండి

ఎన్నికల పద్ధతుల మీద ఊకదంపుడు ఉపన్యాసం కంటే ఒక పట్టిక మేలు. బ్రిటన్‌లో 2015 సార్వత్రిక ఎన్నికల అంకెలు తీసుకోండి. మొత్తం స్థానాలు 650. యూకే ఇండిపెండెన్స్ పార్టీకి 12.6 శాతం ఓట్లు వచ్చాయి, దక్కింది ఒక్క స్థానం. స్కాటిష్ నేషనల్ పార్టీకి 4.7 శాతమే వచ్చాయి, దక్కినవి 56. ఓట్ల శాతాన్ని బట్టే స్థానాలు పంచే దామాషా పద్ధతి ఉంటే ఎన్ని వచ్చేవో లెక్క వేయమనండి: దాదాపు 82, దాదాపు 31. తర్వాత "ఇది అన్యాయమా?" అని అడగండి. వెంటనే అవునంటారు. అప్పుడు రెండో ప్రశ్న వేయండి: ప్రతి నియోజకవర్గానికీ తనదంటూ ఒక ప్రతినిధి ఉండాలా, వద్దా? తూకం అంత తేలిక కాదని అప్పుడు అర్థమవుతుంది. న్యూజిలాండ్ కథ దీనికి మంచి కొనసాగింపు. అక్కడ 1978లోనూ 1981లోనూ ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ ఓడిపోయింది. ప్రజాభిప్రాయ సేకరణల తర్వాత 1996 ఎన్నికలు నియోజకవర్గ ప్రతినిధులనూ, దామాషానూ కలిపిన కొత్త మిశ్రమ పద్ధతిలో జరిగాయి.

ముందుగా వేరే దేశాల అంకెలు ఇవ్వడం కావాలనే చేస్తాను. సొంత దేశం ఫలితాలతో మొదలుపెడితే కూడికలు పూర్తికాకముందే పార్టీల గొడవ మొదలవుతుంది. పద్ధతి చేతికొచ్చాక సొంత ఫలితాలు ఇస్తే, ఆ లెక్కనే దాచకుండా వేస్తారు.

మహిళల ఓటుహక్కు పాఠాన్ని కూడా తేదీల జాబితాగా చెప్పకండి. న్యూజిలాండ్‌లో 1893, స్విట్జర్లాండ్‌లో సమాఖ్య స్థాయిలో 1971. డెబ్బై ఎనిమిదేళ్ల తేడా ఎందుకు? స్విస్ సమాజం వెనుకబడిందనేస్తారు. నిర్ణయం ఎక్కడ జరిగిందో చూడమనండి. న్యూజిలాండ్‌లో పార్లమెంటు చట్టం చేస్తే సరిపోయింది. స్విట్జర్లాండ్‌లో రాజ్యాంగ సవరణకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి, అందులో ఓటు వేసేది పురుషులే. 1959లో వాళ్లు కాదన్నారు, 1971లో సరేనన్నారు. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న ప్రాంతంలో స్థానిక ఎన్నికల వరకు చివరిదాకా కాదంటూనే వచ్చారు. 1990లో అక్కడి సమాఖ్య న్యాయస్థానం తీర్పుతో ఆ తలుపు తెరుచుకుంది. పార్లమెంటు, ప్రజాభిప్రాయ సేకరణ, కోర్టు: ఒకే హక్కు, మూడు ద్వారాలు.

5. మీ సొంత అభిప్రాయాన్ని ఎక్కడ పెట్టాలి

ఈ మెట్టు దగ్గర చాలామంది తడబడతారు. ఒకరు తమ పార్టీని పాఠంలో కలిపేస్తారు, ఇంకొకరు భయపడి గోడ మీద పిల్లిలా అన్నిటికీ "రెండు పక్షాలూ ఉన్నాయి" అంటారు. జర్మనీలో 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో రాజకీయ విద్యావేత్తలు సమావేశమైనప్పుడు రూపుదిద్దుకున్న మూడు సూత్రాలు ఇప్పటికీ నాకు ఆధారం. విద్యార్థిని ఒక అభిప్రాయంలోకి నెట్టకూడదు. సమాజంలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనబడాలి. రాజకీయ పరిస్థితిలో తన ప్రయోజనం ఏమిటో విద్యార్థి తానే విశ్లేషించుకునే శక్తి ఇవ్వాలి.

రెండో సూత్రాన్ని తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. వివాదంలో ఉన్నవాటిని వివాదంగా చూపాలి. తేలిపోయిన వాస్తవాలను అలా చూపనక్కర్లేదు. పన్ను ఎంత ఉండాలనేది వాదన, కిందటేడు ఎంత వసూలైందనేది రికార్డు. కోర్సు మొదట్లోనే ఈ గీత గీయండి, అవసరమైనప్పుడల్లా దాన్ని చూపించండి.

"సార్, మీరు ఎవరికి ఓటేశారు?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నా జవాబు సిద్ధంగా ఉంటుంది: మార్కులు ఇచ్చేశాక అడుగు, చెబుతాను. ఇంతవరకు ముగ్గురే తిరిగొచ్చి అడిగారు.

6. చర్చలో పక్షాలు మార్పించండి

వక్తృత్వ పోటీల్లో ఆరితేరినవాళ్లు తరగతి చర్చను కాజేస్తారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన జాన్సన్ సోదరులు రూపొందించిన పద్ధతి ఇక్కడ బాగా పనిచేస్తుంది. నలుగురు చొప్పున జట్లు చేయండి. ఇద్దరు ఒక పక్షం, ఇద్దరు రెండో పక్షం. రెండు పక్షాలకూ చదవడానికి సమానంగా పత్రాలివ్వండి. ఒక జంట వాదిస్తుంటే రెండో జంట రాసుకుంటుంది, తర్వాత విన్నది తిరిగి చెబుతుంది. సరిగ్గా చెప్పారని ఎదుటివాళ్లు ఒప్పుకుంటేనే ముందుకు వెళ్లాలి. ఆ తర్వాత పక్షాలు మార్చుకోవాలి. ఆఖర్న పక్షాలు వదిలేసి, నలుగురూ కలిసి దేనిలో ఏకీభవిస్తారో, దేనిలో ఏకీభవించరో ఒక పేరా రాయాలి. గెలుపు ఓటములు ప్రకటించకండి.

తరగతి ముందు మాట్లాడేవారిని చీటీ తీసి ఎంపిక చేయండి. ఏథెన్స్‌లో ఐదువందల మంది మండలిని చీటీలతోనే నింపేవారు. ఐర్లాండ్ 2016లో 99 మంది సాధారణ పౌరులను యాదృచ్ఛికంగా ఎంచుకుని పౌరసభ ఏర్పాటు చేసింది. వాళ్ల సిఫార్సు ఒకటి 2018లో రాజ్యాంగ సవరణ దాకా వెళ్లింది. ఈ సంగతి చెబితే, వెనక బెంచీలో మౌనంగా కూర్చునేవాడికి కూడా తన చీటీ రావడం శిక్షలా అనిపించదు.

7. ఒక చిన్న సమస్య, ఒక నిర్ణయ పటం

కోర్సు గుండెకాయ ఇదే, నాలుగు వారాలు ఇవ్వండి. నలుగురైదుగురు ఉన్న జట్టు ఒక ప్రజా సమస్యను ఎంచుకోవాలి. మొదటి వారం వచ్చేవి "నిరుద్యోగం", "అవినీతి", "కాలుష్యం" లాంటివి. అన్నీ తిప్పి పంపండి. సమస్యను వేలు పెట్టి చూపించగలగాలి. కళాశాల గేటు ముందు రోడ్డు దాటడానికి గుర్తులు లేవు. గ్రంథాలయం ఆదివారం మూసి ఉంటోంది. వీల్‌చైర్‌లో వచ్చేవారికి ఫలానా కార్యాలయంలోకి దారి లేదు. ఇంత చిన్నవైతేనే నిర్ణయం దాకా వెళ్లగలం.

ఎంచుకున్న సమస్య మీద జట్టు తయారుచేయాల్సిన నిర్ణయ పటంలో ఐదు గళ్లు. నిర్ణయించే సంస్థ లేదా పదవి. ఆ అధికారం ఇచ్చే చట్టం లేదా నియమం. డబ్బు వచ్చే పద్దు. నిర్ణయానికి ఉన్న గడువు, అంటే బడ్జెట్ ఎప్పుడు తయారవుతుంది, సమావేశం ఎప్పుడు. చివరి గడి: దీన్ని వ్యతిరేకించేవారు ఎవరు, వాళ్ల కారణం ఏమిటి? ఈ చివరి గడిని ఖాళీగా వదిలి తెచ్చినవాళ్లను మళ్లీ పంపండి. ఎవరూ వ్యతిరేకించని పని ఈపాటికే అయిపోయి ఉండేది.

రోడ్డు ఉదాహరణే చూడండి. గుర్తులు వేయాల్సింది స్థానిక సంస్థా, రోడ్ల శాఖా, ట్రాఫిక్ పోలీసులా? రోడ్డు ఎవరి జాబితాలో ఉందో దాన్ని బట్టి జవాబు మారుతుంది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు బాధ్యత పంచుకున్న చోట అర్జీ తప్పుడు బల్ల మీదకు వెళ్లి అక్కడే నిద్రపోతుంది. నా విద్యార్థుల జట్టు ఒకటి రెండు వారాలు ఒక కార్యాలయం చుట్టూ తిరిగాక, ఆ రోడ్డు అసలు వాళ్లది కాదని తేలింది. ఆ రెండు వారాలు వృథా అని వాళ్లు బాధపడ్డారు. ఆ జట్టుకు పూర్తి మార్కులు వేశాను, ఎందుకంటే ఎలా తేల్చారో పత్రాలతో సహా రాశారు.

"ఏం చేసినా ఏదీ మారదు" అనే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. అతనికి ఉపదేశం ఇవ్వకండి, పని ఇవ్వండి. ఏ మెట్టు దగ్గర ఆగుతుంది, ఎవరి సంతకం దగ్గర, ఎందుకని తేల్చమనండి. పట్టుదల ఉన్న నిరాశావాది మంచి పరిశోధకుడవుతాడు.

8. సమాచారం అడగడం నేర్పండి

స్వీడన్ 1766లోనే అధికారిక పత్రాలు చూసే హక్కును చట్టం చేసింది. అమెరికాలో 1966లో, భారత్‌లో 2005లో చట్టాలు వచ్చాయి. హక్కు ఉందని తెలియడం ఒకటి, అడగడం తెలియడం మరొకటి. విద్యార్థి మొదట రాసే దరఖాస్తు ఇలా ఉంటుంది: "రోడ్డు మీద గుర్తులు ఎందుకు వేయలేదు?" ఇది ఫిర్యాదు, సంజాయిషీ అడగడం. దీనికి జవాబు రాదు, వచ్చినా "పరిశీలనలో ఉంది" అని వస్తుంది. కాగితంగా ఉన్నదాన్నే అడగాలి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ కూడలి గురించి అందిన ఫిర్యాదుల నకళ్లు, ఆ ఏడాది రోడ్డు గుర్తులకు మంజూరైన మొత్తం, ఖర్చైన మొత్తం, ఆ పని చేయాల్సిన అధికారి హోదా.

తరగతిలో దరఖాస్తులు ఒకరివి ఒకరు మార్చుకుని దిద్దించండి. "ఎందుకు" అన్న మాట ఉంటే కొట్టేయాలి. కాలవ్యవధి లేకపోతే వెనక్కి ఇవ్వాలి. పంపే ముందు, ఆ సంస్థ ఇప్పటికే బయటపెట్టిన బడ్జెట్ పత్రాలు, సమావేశాల తీర్మానాలు చూశారో లేదో అడగండి. సగం సమాచారం అక్కడే దొరుకుతుంది, ఎవరూ తెరిచి చూడరు, అంతే.

9. గడప దాటేటప్పుడు

అధికారినో, ప్రజాప్రతినిధినో కలవడానికి వెళ్లేవాళ్ల చేతిలో ఒకే పేజీ ఉండాలి: సమస్య మూడు వాక్యాల్లో, ఆధారం, ఒకే ఒక అభ్యర్థన. ముందురోజు తరగతిలో మీరు విసుగ్గా ఉన్న అధికారి వేషం వేయండి. మధ్యలో ఫోను మాట్లాడండి, "ఇది నా పరిధి కాదు" అనండి. "మరి ఎవరి పరిధి?" అని మర్యాదగా అడగడం అప్పుడే వస్తుంది.

బహిరంగ విచారణకో, సమావేశానికో వెళ్లి వచ్చినవాళ్లకు షెర్రీ ఆర్న్‌స్టైన్ 1969లో గీసిన ఎనిమిది మెట్ల పౌర భాగస్వామ్య నిచ్చెన చూపించండి. అట్టడుగున పౌరులను మభ్యపెట్టడం, మధ్యలో సమాచారమిచ్చి సలహా అడిగినట్టు కనిపించడం, పైన నిర్ణయంలో నిజమైన వాటా. తాము చూసింది ఏ మెట్టో సాక్ష్యంతో చెప్పాలి.

ఎవరినీ బలవంతంగా బయటికి పంపకండి. ఇంటి పరిస్థితి, ఉద్యోగం, భద్రత లాంటి కారణాలుంటే పత్రాల మీదే పనిచేసే దారి సమాన మార్కులతో ఉండాలి, కారణం చెప్పమని అడగకూడదు. పార్టీ ప్రచారానికి మార్కులుండవని రాతపూర్వకంగా చెప్పండి. మాట్లాడినవారి పేర్లు, ఫొటోలు వారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు.

10. మార్కులు

రోడ్డు మీద గుర్తులు పడ్డాయా లేదా అన్నదానికి మార్కులు వేయకండి, అది విద్యార్థి చేతిలో లేదు. ఉత్సాహానికీ వేయకండి, అది నటించడం తేలిక. నేను నిర్ణయ పటానికి నలభై, ఆధారాల సేకరణకు ముప్పై, ఆఖరి ఆత్మపరిశీలన వ్యాసానికి ముప్పై ఇస్తాను. ఆ వ్యాసానికి రెండే ప్రశ్నలు: మొదట్లో ఏమనుకున్నావు, ఏ పత్రం లేదా ఏ మాట దాన్ని మార్చింది? నిన్ను వ్యతిరేకించినవారు చెప్పినదానిలో ఏది నిజం? "చాలా నేర్చుకున్నాను" అనే వాక్యం కనబడితే కింద ఎర్రగీత పడుతుందని ముందే చెబుతాను.

దిద్దేటప్పుడు నాకు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. ఇదే ఆధారాలతో ఈ విద్యార్థి సరిగ్గా వ్యతిరేక నిర్ణయానికి వచ్చి ఉంటే ఇవే మార్కులు వేసేవాడినా? తడుముకుంటే ఆ వ్యాసాన్ని పక్కన పెట్టి మర్నాడు మళ్లీ చదువుతాను. వంద మందికి పైగా ఉన్న తరగతైతే వ్యాసం ఒక పేజీకి కుదించండి, పటం మాత్రం జట్టుకు ఒకటి చాలు.

సెమిస్టరు చివర ప్రతి జట్టూ తన పత్రాలన్నీ ఒక ఫైలుగా శాఖకు అప్పగించాలి. నిర్ణయాలకు సెమిస్టర్లతో పని లేదు. మార్చిలో వేసిన అర్జీకి ఆగస్టులో జవాబు రావచ్చు. వచ్చే ఏడాది విద్యార్థులు కొత్త సమస్యను ఎంచుకునే ముందు పాత ఫైళ్లు చదివి, కావాలంటే వాటిలో ఒకదాన్ని కొనసాగిస్తారు. ఫైలు అట్ట మీద జట్టు పేరు అవసరం లేదు. ఇప్పుడు ఏ బల్ల దగ్గర ఉందో, తర్వాతి గడువు ఏ తేదీనో, ఆ రెండూ పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.